పూచీ ఎవరిది?

విత్తనాల కొట్లో నీలం చీటీ కట్టిన ధ్రువీకరణ బస్తా వేరు, చీటీ లేని బస్తా వేరు. రెండూ మొలకెత్తవచ్చు. మొలకెత్తకపోతే ఎవరిని నిలదీయాలో మాత్రం చీటీ ఉన్నదానికే తెలుస్తుంది. రైతు ఇంట పుట్టినవాణ్ణి గనక ఈ తేడా నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. కంప్యూటర్లలోనూ ఇదే తేడా ఉందని కాలేజీకి వచ్చాక తెలిసింది.

ఎవరైనా ఉచితంగా తీసుకుని మార్చుకోగల ఆపరేటింగ్ సిస్టమ్ డెబియన్. 1993లో మొదలైన దీన్ని స్వచ్ఛంద కార్యకర్తలే నడుపుతున్నారు. 2025 ఆగస్టులో వచ్చిన 13వ విడుదలలో 69,000కు పైగా ప్యాకేజీలున్నాయి. దాని ఆధారంగా 2004లో పుట్టిన ఉబుంటులో 'మెయిన్', 'యూనివర్స్' అనే విభాగాలున్నాయి. ఏ ప్యాకేజీ అయినా మెయిన్‌లో చేరాలంటే పరిశీలనకు నిలవాలి, రేపు లోపం వస్తే చూసుకుంటామని ఒక బృందం ముందుకు రావాలి. అంటే అధికారిక మద్దతు అన్నది పూచీ పడటమే.

"అన్నింటికీ పూచీ పడితే పోలేదా?" అంటారు కొందరు మిత్రులు. చేసే చేతులేవీ? ఫైళ్లను కుదించే 'ఎక్స్‌జడ్' సంగతే చూడండి. లక్షల యంత్రాల్లో ఉన్న ఈ చిన్న సాధనాన్ని ఏళ్లతరబడి దాదాపు ఒక్క మనిషే జీతం లేకుండా మోశాడు. సాయం చేస్తానంటూ వచ్చి నమ్మకం సంపాదించిన మరొకరు అందులో దొంగదారి పెట్టారు. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని తవ్విచూస్తే అది బయటపడింది. చీటీ ఉంది, వెనక మనుషులే చాల్లేదు. అందుకని మోయలేనిదాన్ని మోయలేమని ముందే చెప్పడం తప్పు కాదు, మర్యాద.

అయితే దేన్ని వదలాలో ఎలా తేల్చాలి? వాడేవాళ్ల లెక్క ఒక్కటే చాలదని నా వాదం. ఏ ప్యాకేజీ ఎందరు వాడుతున్నారో తెలుసుకునేందుకు డెబియన్‌లో ఒక ఏర్పాటుంది. ఇష్టపడి చేరినవాళ్ల యంత్రాలే, అదీ నెట్ ఉంటేనే, ఆ లెక్కకెక్కుతాయి. ఆయకట్టు చివరి పొలం లాకు దగ్గర నిలబడ్డవాడికి కనపడదు, పొలం లేక కాదు.

2019 జూన్‌లో ఉబుంటు 32 బిట్ల ప్యాకేజీలన్నీ ఆపేస్తామంది. పాత ఆటలూ ప్రోగ్రాములూ వాడేవాళ్లు గోలపెడితే, వారం తిరగకముందే కొన్ని ఉంచుతామంది. డెబియన్ 13వ విడుదల నుంచి 32 బిట్ల పాత పీసీలకు ఇన్‌స్టాలరూ లేదు, కెర్నెలూ లేదు. మా ఇంట్లో చెల్లెలు చదువుకునేది అలాంటి పాత యంత్రం మీదే. గోలపెట్టే చోటు ఎక్కడుందో కూడా మా ఊళ్లో ఎవరికీ తెలియదు. పాతదాన్ని ఎల్లకాలం మొయ్యమని నేననను. వదిలేముందు తగినంత గడువివ్వాలి, లెక్కకు రానివాళ్లను కూడా తలచుకోవాలి.

ఇక మన సంగతి. చూసేవాళ్లు లేని ప్యాకేజీలను డెబియన్ వాళ్లు 'అనాథలు' అనే పిలుస్తారు. ఆ జాబితా ఎవరైనా చూడవచ్చు. మన కాలేజీలో కంప్యూటర్ ల్యాబు ఉంది, సాయంత్రాలు ఖాళీ ఉన్నాయి, చెప్పగల లెక్చరర్లున్నారు. ఏటా ఒక్క అనాథను మనం దత్తత తీసుకోలేమా? లోపాలు పరీక్షించి రాసి పంపడంతో మొదలుపెట్టవచ్చు. పూచీ పడ్డవాడి మాటకే పంచాయితీలో విలువ.