ఆరో నిమిషంలో బయటపడే జబ్బు

మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉన్నవాళ్ళ నడకను ఆసుపత్రిలో కొలిచేది సాధారణంగా 25 అడుగుల మేరే. మనిషి లేచి గబగబా నడిచేస్తాడు, 'నడక బాగుంది' అని ఫైల్లో రాసేస్తాం. అదే మనిషిని ఆరు నిమిషాలు ఆపకుండా నడిపించి చూడండి. నాలుగో నిమిషం దాటాక కాలి వేళ్ళు నేలను రాసుకోవచ్చు, మోకాలు వెనక్కి పోవచ్చు, చెప్పు తెలియకుండానే జారిపోవచ్చు. మొదటి నిమిషంలో నడిచిన దూరం కంటే చివరి నిమిషం దూరం పది శాతమో అంతకు మించో తగ్గితే అది నడకలోని అలసటేనని పరిశోధకులు లెక్కకడుతున్నారు. మన ఓపీల్లో ఆ ఆరు నిమిషాలు ఎవరికి దొరుకుతాయి?

మెదడులో, వెన్నుపాములో నరాల మీదుండే మైలిన్ పొరను సొంత రోగనిరోధక వ్యవస్థే తినేయడం ఈ జబ్బు మూలం. కాలికి అందాల్సిన ఆదేశం ఆలస్యంగా, అరకొరగా అందుతుంది. సాధారణంగా చేతుల కంటే కాళ్ళు ముందు దెబ్బతింటాయి. అందులోనూ ఒక కాలు ఎక్కువగా. ఇక్కడితో ఆగితే కొంత నయం. పడిపోతామన్న భయంతో నడక తగ్గిస్తారు, ఇంట్లోవాళ్ళు 'నువ్వు కూర్చో, మేం చేస్తాం' అంటారు. వాడని కండరం కరిగిపోతుంది. మైలిన్ నష్టాన్ని వ్యాయామం పూడ్చలేదు కానీ ఈ రెండో నష్టాన్ని చాలావరకు ఆపొచ్చు. నన్ను కలవరపెట్టేది సరిగ్గా ఇదే: ఆపగలిగినదాన్నే మనం వదిలేస్తున్నాం.

విశ్రాంతి తీసుకోమనడం పాతకాలపు సలహా. 1996లో అమెరికాలోని యూటాలో 15 వారాల ఏరోబిక్ వ్యాయామం చేయించి చూస్తే దమ్ము, కండబలం రెండూ పెరిగాయి. తర్వాత డెన్మార్క్‌లో 12 వారాలపాటు, వారానికి రెండుసార్లు, కాళ్ళకు క్రమంగా బరువు పెంచుతూ కసరత్తు చేయించారు. బలం పెరిగింది, అలసట తగ్గింది. వ్యాయామంతో జబ్బు తిరగబెడుతుందన్న భయానికి అధ్యయనాల్లో ఆధారం కనిపించలేదు. ఫాంప్రిడిన్ అనే మాత్ర ఉంది, కాకపోతే అది సుమారు మూడోవంతు మందిలోనే నడక వేగం పెంచుతుంది. మూర్ఛ వచ్చినవాళ్ళు దాన్ని వాడకూడదు.

మన ఎండల సంగతి వేరే చెప్పాలి. శ్రమ పడితే రోగుల చూపు మసకబారడాన్ని 1890లో ఊట్‌హాఫ్ అనే జర్మన్ కంటి వైద్యుడు వర్ణించాడు. శ్రమతోనో ఎండతోనో ఒంటి వేడి అర డిగ్రీ పెరిగినా దెబ్బతిన్న నరంలో ఆదేశం ఆగిపోవచ్చు. మే నెలలో కాళ్ళు లాగేస్తే వ్యాయామమే మానేయక్కర్లేదు, తెల్లవారుజామునో ఫ్యాను కిందో చేస్తే చాలు. చల్లబడ్డాక కూడా ఆ బలహీనత తగ్గక ఒక రోజు దాటితే మాత్రం న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్ళాలి. బలం ఇంజెక్షన్లతో వారాలు గడపకండి.

1983లో కుర్ట్జ్‌కే అనే న్యూరాలజిస్టు రూపొందించిన వైకల్య కొలమానంలో 4 అంటే సాయం లేకుండా 500 మీటర్లు నడవగలరని. 6 అంటే వంద మీటర్లకే చేతికర్ర కావాలని. ఆ రెండు అంకెల మధ్య పోయే బలం చాలావరకు ఎవరూ కొలవకుండానే పోతోంది. ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు ఆరు నిమిషాల నడక పరీక్ష అడగండి, చివరి నిమిషం దూరాన్ని ఫైల్లో రాయించుకోండి. బాగా నడుస్తున్నప్పుడే ఫిజియోథెరపిస్టు దగ్గర కాళ్ళ కసరత్తు మొదలుపెట్టండి, కర్ర వచ్చేదాకా ఆగకండి.