కంటి చుక్కలూ పడకపోవచ్చు!

మాత్ర వేసుకున్నాక ఒళ్లంతా దద్దుర్లొస్తే 'మందు పడలేదు' అని ఇట్టే చెప్పేస్తాం. సూది మందుకూ అంతే. అదే కంట్లో చుక్కలు వేసుకున్నాక ఎర్రదనం పెరిగితే మాత్రం జబ్బు ముదిరిందనుకుంటాం. ఇంకో రెండు చుక్కలు ఎక్కువ వేస్తాం. అసలు చిక్కు అక్కడే వస్తోంది.

ఆదిలాబాద్ జిల్లాలో పత్తి తీతలు మొదలయ్యాయంటే కళ్లకు పరీక్షే. చేలో దుమ్ము, మార్కెట్ యార్డులో దూది నూగు, బండి మీద వెళ్తుంటే ఎదురుగాలి. కన్ను ఎర్రబడగానే మందుల షాపుకెళ్లి 'కండ్ల మందు ఇయ్యి' అని అడిగేవాళ్లే ఎక్కువ. కళ్లకలక వచ్చినప్పుడైతే ఒకరికి రాసిన సీసానే ఇంటిల్లిపాదీ వాడేస్తుంటారు. 2023 వానాకాలంలో తెలుగు రాష్ట్రాల్లో కళ్లకలక హాస్టళ్లనూ బడులనూ ఎలా చుట్టేసిందో చూశాం. కళ్లకలక చాలావరకు వైరస్ వల్ల వస్తుంది, దానంతటదే తగ్గుతుంది. యాంటీబయాటిక్ చుక్కలు ఆ వైరస్‌ను ఏమీ చేయలేవు. ఆ మందు పడనివాళ్లకు మాత్రం కొత్త బాధ తెచ్చిపెడతాయి.

మంట వేరు, ఎలర్జీ వేరు

చుక్క పడగానే కొన్ని క్షణాలు మంట పుట్టడం, కాసేపటికి గొంతులో చేదు తగలడం మామూలే. కంటి నుంచి ముక్కులోకి సన్నని దారి ఉంటుంది. ఆ చేదు అటునుంచి వచ్చిందే.

ఎలర్జీకి ముఖ్యమైన గుర్తు దురద. దాంతోపాటు నీళ్లు కారతాయి, రెప్పలు ఉబ్బుతాయి. కంటి కింద చర్మం ఎర్రబడి, పొడిబారి, పొట్టు లేస్తుంది. కొందరిలో ఇది నిమిషాల్లోనే మొదలవుతుంది. ఇంకొందరిలో ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. నీటికాసులకు ఏళ్ల తరబడి చుక్కలు వాడేవాళ్లలో నెలల తర్వాత కూడా రావచ్చు. 'ఇన్నాళ్లూ పడిన మందు ఇప్పుడెందుకు పడదు?' అని అనుమానం రాకపోవడానికి కారణం ఇదే.

సీసాలో ఏముంది?

యాంటీబయాటిక్‌లలో నియోమైసిన్, నీటికాసుల మందుల్లో బ్రిమోనిడిన్, డోర్జోలమైడ్, కంటిపాపను పెద్దది చేసే అట్రోపిన్... ఇవి కొందరికి పడవు. ఒక్కోసారి తప్పు అసలు మందుది కాదు. సీసాలో సూక్ష్మజీవులు పెరగకుండా కలిపే బెంజాల్కోనియం క్లోరైడ్‌ది. చాలా రకాల చుక్కల్లో ఇది ఉంటుంది కాబట్టి కంపెనీ మార్చినా బాధ తగ్గకపోవచ్చు. అలాంటివారికి అది కలపని చుక్కలు కూడా దొరుకుతాయి.

హాయినిచ్చేదీ ముప్పే

ఎర్రదనం చిటికెలో పోగొట్టే చుక్కల్లో చాలాసార్లు స్టెరాయిడ్ ఉంటుంది. హాయిగా ఉంది కదా అని వారాల తరబడి వాడితే కొందరిలో కంటిలోపలి ఒత్తిడి చడీచప్పుడు లేకుండా పెరుగుతుంది. నరం దెబ్బతిని పోయిన చూపు మళ్లీ రాదు. శుక్లాలూ రావచ్చు. పత్తి కట్టెనో ఆకో గీసుకుని కంట్లో పుండు పడితే, అందులో ఫంగస్ చేరవచ్చు. దాని మీద స్టెరాయిడ్ వేస్తే అగ్గికి ఆజ్యం పోసినట్టే. అందుకే యాంటీబయాటిక్, స్టెరాయిడ్ కంటి చుక్కలను డాక్టరు చీటీ మీదే అమ్మాలన్నది నిబంధన.

ఏం చేయాలి?

* షాపులో అడిగి తెచ్చుకున్న చుక్కలతో దురద, వాపు వస్తే వెంటనే ఆపేయాలి. కళ్లు నలపకూడదు. శుభ్రమైన గుడ్డను చల్లటి నీళ్లలో ముంచి మూసిన రెప్పల మీద వేసుకోవాలి. పసర్లు, చనుబాలు కంట్లో పోయకూడదు.

* నీటికాసులకు, ఆపరేషన్ తర్వాత వాడే చుక్కలను సొంతంగా మానేయకూడదు. అదే రోజు డాక్టరుకు చెబితే వేరే మందు రాస్తారు.

* నొప్పి, చూపు మసకబారడం, వెలుగు చూడలేకపోవడం ఉంటే ఆలస్యం చేయొద్దు. ముఖం ఉబ్బినా, ఊపిరి ఆడకపోయినా 108కి ఫోన్ చేయాలి.

* వాడుతున్న సీసాలన్నీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. ఆదిలాబాద్‌లో రిమ్స్ ఉంది. ఎల్.వి.ప్రసాద్ కంటి ఆస్పత్రి తన గ్రామీణ కేంద్రాల్లో మొదటిదాన్ని 1996లో అప్పటి ఆదిలాబాద్ జిల్లాలోని ముధోల్‌లోనే పెట్టింది. ఇప్పుడది నిర్మల్ జిల్లాలో ఉంది.

* పడని మందు పేరు కాగితం మీద రాసి పెట్టుకోవాలి. కంటి ఆపరేషన్‌కు ముందు తప్పక చెప్పాలి. మందులు పడకపోతే ఫిర్యాదు చేయడానికి 1800-180-3024 అనే ఉచిత ఫోన్ నంబరు కూడా ఉంది.

ఒక్క చుక్క చాలు

కంట్లో పట్టేది సుమారు ఒక్క చుక్కే. మిగతాది చెంప మీదికి జారి, చర్మాన్ని ఒరిపిస్తుంది. చుక్క వేశాక కన్ను మూసి, ముక్కు పక్కనున్న మూలను రెండు నిమిషాలు వేలితో మెల్లగా నొక్కి ఉంచాలి. రెండు రకాల మందులుంటే మధ్యలో ఐదు నిమిషాలు ఆగాలి. సీసా మూతి కంటికి తగలకూడదు. మూత తీసిన తేదీ సీసా మీద రాసుకుని, సాధారణంగా నెల దాటగానే పారేయాలి. పోయిన ఏడాది మిగిలిన సీసా అలమారలో ఉంటే దాన్ని ఈ ఆదివారమే తీసి పడేయండి.