కొండని మర్చిపోయిన కోడ్

క్రిస్మస్ సెలవుల్లో పాడేరు దగ్గర మా క్లాస్‌మేట్ వాళ్ళ ఊరెళ్ళాను. పెంకుటిల్లు, దాని వెనకే తూర్పున నిటారుగా కొండ. వాళ్ళ నాన్నగారు 3 కిలోవాట్ల సోలార్ పెట్టిద్దామనుకుంటున్నారు. పీఎం సూర్యఘర్‌లో 78 వేలు సబ్సిడీ వస్తుంది, మిగతాది లోన్. డీలర్ ఇచ్చిన కాగితంలో రోజుకి 12 యూనిట్లు అని రాసుంది. కిలోవాట్‌కి 4 యూనిట్లు, వైజాగ్‌లో డాబా ఇంటికి చెప్పే లెక్కే.

నేను ఊరుకుంటానా! ల్యాప్‌టాప్ తీసి పైథాన్‌లో పీవీలిబ్‌తో మోడల్ రాసేశాను. అక్షాంశం, కప్పు వాలు, దిక్కు ఇస్తే అందమైన గ్రాఫ్ వచ్చింది, పొద్దున ఆరున్నరకే ఎండ మొదలు. అంకుల్ చూసి, "మా ఇంటికి తొమ్మిదింటికి గానీ ఎండ దిగదు బాబూ" అన్నారు. దిగడం ఏంటా అనుకున్నా. మర్నాడు వాకిట్లో కూర్చుంటే అర్థమైంది. ముందు పడమటి గట్టు పైభాగం వెలిగింది, ఆ వెలుగు మెల్లగా కిందికి దిగుతూ లోయ దాటి మా పెంకుల మీదికి వచ్చేసరికి తొమ్మిది.

తప్పు లైబ్రరీది కాదు, నాది. చుట్టూ ఏముందో మనం చెప్పకపోతే దానికి భూమంతా బల్లపరుపే. ఫోన్‌తో కొలిస్తే కొండ అంచు 30 డిగ్రీల ఎత్తులో ఉంది. (హొరైజన్‌కి తెలుగు వెతికితే క్షితిజం అని దొరికింది. అంకుల్ వాడిన 'కొండ అంచు' నాకు ఎక్కువ నచ్చింది.) 18 డిగ్రీల అక్షాంశంలో డిసెంబర్ 21న సూర్యుడు ఆ ఎత్తుకి వచ్చేది తొమ్మిదికే. 11 గంటల పగటిలో రెండున్నర గంటలు పోయాయన్నమాట. అయితే పొద్దుటి ఎండ ఏటవాలుగా పడుతుంది కాబట్టి నష్టం అంత ఉండదు. గాలి పొరని పక్కనపెట్టి సమతలం మీద లెక్కేస్తే నేరుగా పడే ఎండలో ఎనిమిదో వంతు. పడమట కూడా అలాంటి కొండే ఉంటే పావు వంతు. మంచు పట్టే రోజుల్లో ఆ పొద్దుటి ఎండ ఎలాగూ రాదు, అది వేరే లెక్క.

వాలు సంగతి ఇంకా తమాషా. కప్పు వాలు 25 డిగ్రీలు అనుకుందాం. డిసెంబర్ మధ్యాహ్నం నేరుగా వచ్చే ఎండలో దక్షిణపు వాలుకి 96 శాతం అందితే ఉత్తరపు వాలుకి 40 శాతమే. అదే జూన్ 21న సూర్యుడు మనకి ఉత్తరంగా వెళ్తాడు కాబట్టి ఉత్తరానికి 94, దక్షిణానికి 86! కాగితంలో మాత్రం ఏ వాలు మీద పెడతారో కూడా లేదు.

"పది శాతం తేడాకి ఇంత గొడవా?" అని మా సీనియర్ అన్నాడు. ల్యాబ్‌లో అయితే పది శాతం ఎర్రర్‌కి మనకి మార్కులు పడతాయి. అంకుల్‌కి పడేది ఈఎంఐ. అందుకే నా ఉద్దేశంలో కొండ ప్రాంతంలో ఇచ్చే ప్రతి అంచనా కాగితంలో కప్పు దిక్కు, వాలు, చుట్టూ కొండ అంచు ఎత్తు తప్పకుండా ఉండాలి. అవి లేని కాగితం మీద సంతకం పెట్టకూడదు. ఇదేం రాకెట్ సైన్స్ కాదు. యూరోపియన్ కమిషన్ వాళ్ళ పీవీజీఐఎస్ సైట్ ఉచితం, అది కొండల్ని లెక్కలోకి తీసుకుంటుంది, మనం కొలిచిన ఎత్తులు కూడా ఇవ్వొచ్చు. కొండల్లో సోలార్ దండగ అని నేననడం లేదు. 2 కిలోవాట్లు చాలేమో, ఏ వాలు మీద పెట్టాలో ముందే తెలియాలి కదా అంటున్నా.

కొండ కలిపిన కొత్త గ్రాఫ్ చూపిస్తే అంకుల్ తృప్తిగా తలాడించారు. తర్వాత పెరట్లోకి చూపించి, "మరి ఆ పనస చెట్టు వేశావా?" అన్నారు.

వెయ్యలేదు. ఉపగ్రహం ఎత్తుల మ్యాప్‌లో ఒక్కో గడి 30 మీటర్లు, అందులో ఇల్లూ చెట్టూ కలిసి ఒకటే చుక్క. సంక్రాంతికి టేపు పట్టుకుని మళ్ళీ వెళ్తున్నా.