గీత పడుతుందన్న భయం

ఉత్తర చెన్నైలో తిరువొత్తియూరు తేరడి మెట్రో స్టేషన్ దిగి హైరోడ్డు వెంట నడిస్తే సెల్ కవర్ల దుకాణాలు తగులుతూనే ఉంటాయి. కొత్త ఫోన్‌తో వెళ్లినవాణ్ణి ఊరికే పంపరు. కుర్రాడు స్పిరిట్ కాగితంతో స్క్రీన్ తుడుస్తాడు, స్టిక్కర్ అంటించి దుమ్ము లాగేస్తాడు, టెంపర్డ్ గ్లాస్ పరిచి నడిమధ్య వేలితో నొక్కుతాడు. బుడగలు అంచులకు పారిపోతాయి. ముచ్చటైన పనితనం! ఆ ముచ్చట్లో ఉండగానే అడుగుతాడు: "కెమెరాకి రింగు వెయ్యమంటారా సార్, గీతలు పడతాయి." తర్వాత కవరు, కవరు వెనక వేలి ఉంగరం, వైరు మెడ దగ్గర తెగకుండా ప్లాస్టిక్ స్ప్రింగు, ఆఖరికి చార్జరుకీ ఒక తొడుగు.

కొనేవాళ్లను నేను తప్పుపట్టను. నెలనెలా కిస్తీ కట్టి తెచ్చుకున్న ఫోను పగిలితే ఏం గతి? పైగా వంద రూపాయల్లో దొరికే రంగు, మెరుపు ఎవరికి చేదు? కుర్రాడి మీదా కోపం లేదు, అది అతని పొట్టకూడు. నా కోపమంతా ఆ భయాన్ని ఫోనుతో పాటే తయారుచేసి పంపుతున్న కంపెనీల మీద.

వీపుకి జారే గాజు పెట్టిందెవరు? 2014లో ఐఫోన్ 6తో కెమెరాను ఉబ్బెత్తుగా బయటికి నెట్టింది ఆపిల్. 2016లో ఇయర్‌ఫోన్ రంధ్రం మూసేసింది. 2020లో పెట్టెలోంచి చార్జరే తీసేసింది. మిగతా కంపెనీల్లో చాలా ఆ దారే పట్టాయి. కావలసింది పీకేసి, అక్కర్లేనిది మన చేత కొనిపిస్తున్నారు!

మా తిరువొత్తియూరు వస్తువులు తయారుచేసిన ఊరు. విమ్కో అగ్గిపెట్టెలు, ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ బండ్లు ఇక్కడి కార్మికుల చేతుల మీదుగా వెళ్లాయి. పైన తొడుగు కొనకపోతే పగిలే బండిని అమ్మితే ఇక్కడివాళ్లు ఒప్పుకునేవారా?

ఇక ఈ తొడుగులన్నీ చివరికి చెత్తే. టీకొట్టు ప్లాస్టిక్ కప్పుని తమిళనాడు 2019 జనవరి 1 నుంచి నిషేధించింది. నాలుగు నెలల్లో పసుపెక్కి పారేసే ఫోన్ కవరుని మాత్రం అడిగే నాథుడు లేడు. ఉత్తర చెన్నై చెత్త చేరేది కొడుంగైయూర్ డంపింగ్ యార్డుకి. అది తగలబడినప్పుడు ఆ పొగ పీల్చేది మన పిల్లలే, కంపెనీ యజమానుల పిల్లలు కారు.

కంపెనీలకు చెప్పేదిదే: కెమెరాను లోపలికి తీసుకోండి. మెడ దగ్గర తెగని వైరు ఇవ్వండి. చార్జరు పెట్టెలోనే పెట్టండి. మనం కూడా ఒక్క కవరుతో ఆగి, రింగు వద్దు, ఉంగరం వద్దు, స్ప్రింగు వద్దని ఆ దుకాణంలో నిలబడి గట్టిగా చెబుదాం.