బాక్సూ, కాక్సూ, మన ప్లీడర్లూ

డేటా సైన్స్ వైపు పనిచేసే మిత్రులకి బాక్స్-కాక్స్ ట్రాన్స్‌ఫర్మేషన్ గురించి నేను చెప్పక్కర్లేదు. ఒక పక్కకి ఒరిగిపోయిన డేటాని కాస్త దారికి తెచ్చే ఫార్ములా. పైథాన్‌లో ఒక్క లైను రాస్తే పనైపోతుంది. 1964లో జార్జ్ బాక్స్, డేవిడ్ కాక్స్ అనే ఇద్దరు స్టాటిస్టీషియన్లు ఆ పేపర్ రాశారు. ఇద్దరూ కలిసి రాయడానికి ఒక కారణం, తమ పేర్లు పక్కపక్కన పెడితే ఓ పాత నాటకం పేరు వస్తుందని! నా మటుకు నాకు ఆ లెక్క కంటే ఆ నాటకమే ఎక్కువ నచ్చింది.

'బాక్స్ అండ్ కాక్స్' అనేది జాన్ మాడిసన్ మోర్టన్ ఫ్రెంచి నాటకాల్లోంచి ఎత్తుకొచ్చి (అప్పట్లో అందరూ చేసిన పనే) 1847లో లండన్ లైసియం థియేటర్‌లో ఆడించిన ఫార్సు. అంటే మన ప్రహసనం. ఇంటి ఓనరమ్మ ఒకే గదిని ఇద్దరికి అద్దెకిస్తుంది. బాక్స్ ప్రింటింగ్ ప్రెస్సులో రాత్రి డ్యూటీ, కాక్స్ టోపీల దుకాణంలో పగలు డ్యూటీ. ఒకడు వచ్చేసరికి ఇంకొకడు వెళ్ళిపోతాడు కాబట్టి ఇద్దరికీ విషయం తెలీదు, ఆవిడకి మాత్రం రెండు అద్దెలు. ఓ రోజు కాక్స్‌కి సెలవు దొరుకుతుంది. ఇంకేముంది, పొయ్యి మీద మాంసం ముక్క ఎవరిది అనే దగ్గర మొదలై, ఇద్దరూ ఒకే విధవరాలి నుంచి తప్పించుకు తిరుగుతున్నారని తేలేదాకా పోతుంది. చివరికి చేతి మీద పుట్టుమచ్చ లేదు కాబట్టి నువ్వే నా తప్పిపోయిన తమ్ముడివి అని కావలించుకుంటారు. అమీర్‌పేట హాస్టల్లో యూఎస్ షిఫ్టు వాడితో మంచం పంచుకున్నవాళ్ళకి ఇది వేరే దేశం కథలా అనిపించదు :)

ముగ్గురు మనుషులు, ఒక గది, గంటలోపు ఆట. సెట్టింగుల ఖర్చు లేదు. అందుకే ఇలాంటి ఫార్సులు తెల్ల దొరలకి బాగా పనికొచ్చాయి. సైన్యం ఎక్కడుంటే అక్కడ ఆఫీసర్లే వేషాలు కట్టేవాళ్ళు. ఆ సరదా ఎంతవరకు పోయిందంటే 1887లో సిమ్లాలో గెయిటీ థియేటర్ కట్టుకున్నారు. ఆడేది దొరలు, చూసేది దొరలు. నవ్వు ఎవరి మీద? ఓనరమ్మ మీద, గుమాస్తాల మీద, చేతివృత్తుల వాళ్ళ మీద. కర్నల్ గారి మీద, కలెక్టర్ గారి మీద నవ్వు వచ్చే నాటకం ఆ క్లబ్బుల్లో ఎందుకాడతారు?

ఇప్పుడు మన రాజమండ్రికి వద్దాం. 1880లో ధార్వాడ నాటక సమాజం అక్కడికొచ్చి ఆడి వెళ్ళింది. వాళ్ళు వేసిన పాక అలాగే ఉంది. కందుకూరి వీరేశలింగం తన విద్యార్థులకి వేషాలు కట్టించి అదే పాకలో నాటకాలు వేయించారు. ఒకటి 'చమత్కార రత్నావళి', షేక్స్‌పియర్ కామెడీ ఆఫ్ ఎర్రర్స్‌కి తెలుగు. రెండోది 'వ్యవహార ధర్మబోధిని'. దీన్నే ప్లీడర్ నాటకం అనేవాళ్ళు. కోర్టుల్లో వకీళ్ళు చేసే మోసాల మీద, జనం మాట్లాడుకునే భాషలో రాసింది.

ఆధునిక తెలుగు నాటక ప్రదర్శన చరిత్ర అక్కడే మొదలైందని చెప్తారు. అంటే మన స్టేజీ మొదలైంది పౌరాణిక పద్యాలతో కాదు, పొట్ట చెక్కలయ్యే గందరగోళంతోనూ, ప్లీడర్ల మీద వెక్కిరింపుతోనూ! ఈ సంగతి మనం ఎందుకో పెద్దగా చెప్పుకోం.

ఆ రోజుల్లో ప్లీడరంటే ఎవరు? ఇంగ్లీషు చదువుకున్నవాడు. ఊళ్ళో నాలుగు డబ్బులు సంపాదించేవాడు. పెళ్ళి మార్కెట్లో రేటున్నవాడు. కొత్త సిస్టమ్ ఎలా పనిచేస్తుందో తెలిసినవాడు, దాంట్లో లొసుగులు కూడా తెలిసినవాడు. ఎవరో గుర్తొస్తున్నారా? అప్పటి ప్లీడరే ఇప్పటి సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. వీరేశలింగం దొరల ఫార్సు నుంచి పొట్టి సైజు, పరుగు, దొరికిపోవడంలోని తమాషా అన్నీ తీసుకున్నారు. నవ్వు దిశ మాత్రం మార్చారు. తన వర్గం వాళ్ళ మీదకే తిప్పారు. 1892లో విజయనగరంలో ఆడిన కన్యాశుల్కమూ అంతే. గిరీశం ఇంగ్లీషు రాని పల్లెటూరివాడు కాదు కదా!

మరి మనం వేసే స్కిట్లు? కంపెనీ యాన్యువల్ డేల్లో, అమెరికాలో తెలుగు సంఘాల ఉగాదుల్లో నేను చూసినవాటిలో ఎక్కువ భాగం మళ్ళీ ఆ దొరల క్లబ్బు దగ్గరికే వెళ్ళిపోయాయి. మగాడు చీర కట్టుకొస్తాడు. పనిమనిషి, వాచ్‌మన్ వస్తారు. ఆ వాచ్‌మన్‌కి ఏ యాస పెడతారో చెప్పక్కర్లేదు. వరంగల్ మట్టెవాడ వాణ్ణి కాబట్టి నాకది వెంటనే తగుల్తుంది. మా ఇంట్లో మా అమ్మ మాట్లాడే మాట స్టేజీ మీద ఎక్కడం ఆలస్యం, జనం నవ్వడానికి రెడీ. సినిమా దశాబ్దాలపాటు రౌడీకీ కమెడియన్‌కీ అంటగట్టిన యాస అది. 'ఫిదా' (2017), 'బలగం' (2023) లాంటివి వచ్చాక సినిమాలో కొంత మారింది. మన స్కిట్లకి ఆ అప్‌డేట్ ఇంకా అందలేదు.

యాసలు వద్దని కాదు నేననేది. వేదం వెంకటరాయశాస్త్రి 1897 నాటి 'ప్రతాపరుద్రీయం'లో ఏ పాత్రకి ఆ పాత్ర భాష పెట్టారు. మా ఓరుగల్లు కథే అది. అందులో రాజు పోలికలున్న చాకలి పేరిగాడు మరిచిపోలేని పాత్ర. మా మట్టెవాడలోనే 1932లో పుట్టిన నేరెళ్ళ వేణుమాధవ్ (2018లో పోయారు) జీవితమంతా పక్కవాళ్ళ గొంతులతోనే నవ్వించారు. ఆయన ఎక్కువగా ఎత్తుకున్న గొంతులు మహా మహా నటులవీ, నాయకులవీ. 1971లో ఐక్యరాజ్యసమితిలో కూడా మిమిక్రీ చేసొచ్చారు. గొంతు అరువు తెచ్చుకోవడంలో తప్పులేదు, ఎవరి దగ్గర తెచ్చుకుంటున్నాం అన్నదే ప్రశ్న.

"సరదాగా నవ్వుకుందామని వస్తే నీతులు చెప్తావేంటి బాస్" అని మీరనొచ్చు. నేను నీతులు పెట్టమనట్లేదు. మన దగ్గరున్న సరుకు చూడండి. ప్రాక్సీ ఇంటర్వ్యూ ఉంది. సమాధానాలు ఒకడివి, కెమెరాలో పెదాలు ఇంకొకడివి. జాయినింగ్ రోజు వచ్చేది ఎవరో దేవుడికే తెలియాలి. దీనికంటే గొప్ప కామెడీ ఆఫ్ ఎర్రర్స్ షేక్స్‌పియర్ కూడా రాయలేదు. 2022లో మూన్‌లైటింగ్ మీద అంత గొడవైంది కదా, అది బాక్స్ అండ్ కాక్స్‌కి రివర్స్. అక్కడ ఒక గదికి ఇద్దరు కిరాయిదార్లు, ఇక్కడ ఒక మనిషికి రెండు కంపెనీలు. రెండు స్టాండప్ కాల్స్ ఒకే టైముకి పడ్డాయనుకోండి! లేని ఎక్స్‌పీరియన్స్ రెజ్యూమేలో పుట్టించే కన్సల్టెన్సీ ఆయన ఉన్నాడు. వీసాని బట్టి కట్నం పెంచే మామయ్య ఉన్నాడు. వీరేశలింగం 1876లోనే 'బ్రహ్మవివాహం' రాసి పెళ్ళిళ్ళ బేరాలని ఉతికారేశారు. బేరం ఆగిందా? రేటు కార్డు మారిందంతే.

ఇవన్నీ మనకి తెలుసు. లంచ్ టేబుల్ దగ్గర చెప్పుకుని నవ్వుకుంటాం. స్టేజీ ఎక్కేసరికి మాత్రం చీర కట్టుకుని వాచ్‌మన్ దగ్గరికి వెళ్ళిపోతాం. ఎందుకంటే ముందు వరసలో మేనేజరుంటాడు, ఆ పక్కనే ఆ మామయ్య ఉంటాడు. రాజమండ్రిలో కూడా ప్లీడర్లు ఉన్నారు, పెద్దమనుషులూ ఉన్నారు. అయినా ఆడింది పిల్లకాయలు.

కాబట్టి ఈసారి మీ ఆఫీసు స్కిట్ స్క్రిప్టు మీ చేతికొస్తే వాచ్‌మన్‌కి సెలవివ్వండి. లాప్‌టాప్ బ్యాగు తగిలించుకున్న ఒక ప్లీడరుని దింపండి. నవ్వు రాకపోతే అప్పుడు నన్ను అడగండి. ఏమంటారు?