పట్టాలు మార్చే మనిషి

పిల్లలూ! బస్సు డ్రైవరు చేతిలో చక్రం తిప్పితే బస్సు మలుపు తిరుగుతుంది. రైలింజనులో అటువంటి చక్రం లేదు. మరి, ఒకే దారిన వచ్చే రైళ్ళలో ఒకటి మొదటి ప్లాట్‌ఫారానికీ, ఇంకొకటి రెండవదానికీ ఎలా పోతున్నవి?

దారులు చీలేచోట రెండు పట్టాల నడుమ, మొన తేలిన మరి రెండు పట్టాలు ఉంటాయి. వీటిని నాలుకలు అందాం. రెండింటినీ కడ్డీతో కలుపుతారు గనుక కలిసే జరుగుతాయి. ఒకటి తన పక్క పట్టాకు అంటుకుంటే, రెండవది విడిపోతుంది. రైలు చక్రానికి లోపలివైపు గట్టువంటి అంచు ఉన్నది. ఆ అంచును నాలుక పక్కకు నెడుతుంది. ఎడమ నాలుక అంటుకుంటే బండి కుడిదారి పడుతుంది. కుడి నాలుక అంటుకుంటే ఎడమదారి! ఈ ఏర్పాటునే పాయింటు అంటారు. లీవరు లాగి దానిని మార్చేవాడు పాయింట్స్‌మన్.

నేను పనిచేసిన ఊళ్ళో ఒక కుర్రవాణ్ణి, "మీ నాన్నగారు ఏం చేస్తారు?" అని అడిగాను. వాడు తల వంచుకుని, "లీవరు లాగుతారండి," అన్నాడు. తక్కిన పిల్లలు నవ్వారు.

ఆ శనివారం స్టేషను మాస్టరుగారి అనుమతితో తరగతినంతా తీసుకుపోయి కంచె ఇవతల నిలబెట్టాను. ఆ తండ్రి లీవరు లాగాడు. పని అయిపోయిందనుకున్నాం. ఆయన మాత్రం వంగి చూచి, నాలుక సందులోనుంచి ఏదో తీసి, మళ్ళీ లాగాడు. తాళం వేశాకనే పచ్చజెండా చూపాడు. బండి వెళ్ళాక మా దగ్గరకు వచ్చి అరచేయి చాపాడు. చింతగింజంత కంకరరాయి!

"ఇంత చిన్నదేనా?" అన్నారు పిల్లలు.

"చక్రపు అంచు దూరడానికి ఆ సందు చాలు, బాబూ. ఒక చక్రం ఒక దారి, రెండవది ఇంకొక దారి పడితే బండి నేలమీదే," అన్నాడాయన.

ఎవరూ నవ్వలేదు. కుర్రవాడు తలెత్తాడు.

ఇప్పుడు చాలా స్టేషన్లలో ఈ నాలుకలను విద్యుత్ మోటార్లు జరుపుతున్నవి. మొన దగ్గర 5 మిల్లీమీటర్ల అడ్డం ఉన్నా బండికి సిగ్నలు ఇవ్వకుండా కట్టుదిట్టం చేశారు. అయినా మోటారు మొరాయిస్తే, నడిరాత్రి వానలోనైనా పోయి చేతితో తిప్పి సరిచేయడానికి మనిషే కావాలి.

పట్టాలమీద రాళ్ళు పెట్టి ఆడుకుందామని ఎవరైనా పిలిస్తే, ఆ చింతగింజంత రాయి సంగతి వాళ్ళకు చెప్పండి.