పిట్టగోడ లేని మిద్దె, గార్డు లేని రంపం



మన కామారెడ్డి, ఎల్లారెడ్డి పల్లెల్లో ఎవరు కొత్తది ఏది కొన్నా పాస్టరుకు కబురొస్తుంది. ట్రాక్టరు, ఆటో, కుట్టు మిషను, పిండిగిర్ని, బోరు మోటారు. వెళ్తాం, చెయ్యి పెట్టి ప్రార్థిస్తాం, చాయ్ తాగి వస్తాం. మూడేళ్ల కింద ఒక సాయంత్రం అలాగే ఒక కోత మిషను ప్రార్థనకు వెళ్లాం. మన సంఘంలోని తమ్ముడే. పదేళ్లు ఇంకొకరి దగ్గర కూలికి వడ్లపని చేసి, అప్పు తెచ్చి, సొంతంగా రేకుల షెడ్డు వేసుకున్నాడు. షెడ్డు మధ్యలో ఇనుప బల్ల. బల్ల నడుమ చీలికలోంచి పైకి లేచిన పదంగుళాల గుండ్రటి రంపం బ్లేడు. దీని మీద పనిచేసే చేతులను కాపాడమని చాలాసేపు ప్రార్థన చేశాం.

మూలకు ఒక గోనెసంచి కనబడింది. ఏమిటని అడిగితే, మిషనుతో పాటు వచ్చిన గార్డు, బ్లేడు వెనకాల నిలబెట్టే ఉక్కు రేకు అన్నాడు. "అవి పనికి అడ్డమొస్తయి అయ్యగారూ, అందరు తీసే పెడతరు." మేం తల ఊపాం. ఆ సంచి పక్కనే కుర్చీ వేస్తే కూర్చుని చాయ్ తాగాం.

నాలుగు నెలలు తిరక్కముందే అదే బల్ల మీద అతని కుడిచేతి రెండు వేళ్లు పోయాయి.

పరామర్శకు వచ్చినవాళ్లలో ఒకరు "దేవుని చిత్తం" అన్నారు. ఒక అవ్వ మాత్రం మా ముఖం చూసి, "అయ్యగారు ప్రార్థన చేసిన మిషనే గద" అంది. ఆ మాట ఆ రాత్రి మమ్మల్ని నిద్రపోనివ్వలేదు. అవ్వ మా ప్రార్థనలో బలం లేదని అనుకున్నదేమో. మాకు తోచింది వేరు. ప్రార్థనలో లోటు లేదు. కళ్లు మూసుకోక ముందు, తెరిచిన తర్వాత మేము చేయవలసిన పని ఒకటుంది, అది చేయలేదు.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం 8వ వచనం తీసి చూడండి. కొత్త ఇల్లు కట్టినవాడు మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టాలి. కట్టకపోతే, పైనుంచి ఎవరైనా పడితే ఆ రక్తదోషం ఆ ఇంటి మీదికి వస్తుంది. మిద్దె మీద మక్కలు, మిరపకాయలు ఆరబోసుకునే మనకు ఈ వచనానికి వ్యాఖ్యానం అక్కరలేదు. గమనించండి, పడకుండా ప్రార్థన చేసుకోమని అక్కడ లేదు, గోడ కట్టమని ఉంది. ఇంటివాడు ఎంత నీతిమంతుడైనా సరే, గోడ కట్టాల్సిందే. కోత మిషనుకు గార్డు అంటే ఆ పిట్టగోడే.

దేవాలయ శిఖరం మీద సాతాను ప్రభువుతో ఏమన్నాడో మత్తయి 4వ అధ్యాయంలో చదువుతాం. కిందికి దూకు, దూతలు పట్టుకుంటారు అన్నాడు. వాడు వాక్యం ఎత్తి చూపించే అన్నాడు. ప్రభువు దూకలేదు. తండ్రిని శోధించడం విశ్వాసం కాదని చెప్పి ఊరుకున్నాడు. గార్డు గోనెసంచిలో పెట్టి, బల్ల మీద చెయ్యి పెట్టి, కాపాడమని అడిగిన మా ప్రార్థన ఆ రెండింటిలో దేనికి దగ్గరో మేమే తేల్చుకోవలసి వచ్చింది.

తర్వాత మేము కామారెడ్డిలో ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లి కూర్చున్నాం. నలభై ఏళ్లుగా దర్వాజలు, కిటికీలు చేస్తున్నవాడు, పది వేళ్లూ ఉన్నవాడు. మన విశ్వాసి కాదు. ఆ తమ్ముడికి జరిగింది చెబితే, "చెయ్యి జారింది అంటరు అయ్యగారూ. చెయ్యి జారదు, కట్టె ఎగురుతది" అని మొదలుపెట్టాడు.

ఈ మిషను మీద బ్లేడు ముందు వైపు పళ్లు కిందికి, బల్ల వైపు దిగుతాయి. అందుకే ముందు వైపు చెక్క బల్లకు అదుముకుని ఉంటుంది. వెనక వైపు పళ్లు మాత్రం పైకి లేస్తాయి. చీల్చిన పలక కోత దగ్గర మూసుకుపోయి బ్లేడును పట్టేసిందా, లేక పలక కొంచెం వంకరపోయి వెనక పళ్లకు తగిలిందా, ఆ పళ్లు దాన్ని లేపి నిలబడ్డవాడి మీదికి విసిరేస్తాయి. పదంగుళాల బ్లేడు నిమిషానికి 4,000 చుట్లు తిరిగితే పంటి వేగం సెకనుకు దాదాపు 53 మీటర్లు. అంటే గంటకు 190 కిలోమీటర్లు. కన్ను ఆర్పేలోపు పలక ఎగిరిపోతుంది. దాన్ని బలంగా నెడుతున్న చెయ్యి ఆధారం పోయి ముందుకు తూలుతుంది. ముందున్నది బ్లేడు. మన తమ్ముడికి జరిగింది సరిగ్గా ఇదే. పచ్చి వేప పలక. లోపల తడి ఉన్న కట్టె చీల్చుతుంటే రెండు ముక్కలూ మళ్లీ దగ్గరికి వచ్చి బ్లేడును పట్టేస్తాయి.

గోనెసంచిలో ఉన్న ఆ ఉక్కు రేకు ఉన్నది దీనికోసమే. అది బ్లేడు వెనక, పళ్లకు 3 నుంచి 8 మిల్లీమీటర్ల దూరంలో నిలబడి, కోత మూసుకోకుండా చూస్తుంది. దాని మందం బ్లేడు రేకు కంటే కొంచెం ఎక్కువ, కోత వెడల్పు కంటే కొంచెం తక్కువ ఉండాలి. ఖర్చు పెద్దగా లేదు. మిషనుకు రాకపోతే లేతు షాపులో కొలత ఇచ్చి చేయించుకోవచ్చు. గార్డు ఎప్పుడైనా ఒక రకం కోతకు తీయక తప్పదేమో గాని, నిలువు కోతకు ఈ రేకు తీయనే కూడదన్నాడు పెద్దాయన.

ఇక గైడు. చెక్కను ఆనించి నడిపే ఆ పట్టీ బ్లేడుకు సమాంతరంగా ఉందో లేదో కంటితో చూసి చెప్పలేం. ఆయన ప్లగ్గు పీకి, బ్లేడు మీద ఒక పంటికి చాక్‌పీసుతో గుర్తు పెట్టాడు. ఆ పన్ను ముందు వైపు ఉన్నప్పుడు గైడుకు ఎంత దూరమో కొలిచాడు. బ్లేడును చేత్తో తిప్పి అదే పన్నును వెనకకు తెచ్చి మళ్లీ కొలిచాడు. రెండూ ఒకటే ఉండాలి. వెనక వైపు తక్కువుంటే చెక్క ఇరుక్కుంటుంది, ఎగురుతుంది. మూలమట్టం పెట్టి బ్లేడు బల్లకు నిటారుగా ఉందో లేదో చూశాడు. బ్లేడు ఎత్తు చెక్క మందం దాటి పావంగుళం మించకూడదన్నాడు. ఎక్కువ లేపితే మిషను హుషారుగా కోస్తుందని మన కుర్రాళ్ల నమ్మకం. నిజానికి ఎంత లేపితే అంత ఉక్కు చెయ్యి కోసం బయట కాచుకుని ఉంటుంది.

అడ్డకోతకు పలకను గైడుకూ, అడ్డంగా జరిపే పట్టీకీ ఒకేసారి ఆనించకూడదు. తెగిన ముక్క రెంటి మధ్యా ఇరుక్కుంటుంది. దేనికీ ఆనించకుండా ఉత్త చేతుల్తో కోయడం అసలే వద్దు. బ్లేడుకు జానెడు దూరంలోకి చెయ్యి వెళ్లే పని ఉంటే తోపుడు కర్ర తీసుకోవాలి. మనిషి చెక్కకు ఎదురుగా కాదు, ఒక పక్కకు నిలబడాలి. మిషను ఆపగానే ముక్కలు తీయడానికి చెయ్యి పెట్టకూడదు. మోటారు శబ్దం ఆగినా బ్లేడు ఇంకా తిరుగుతూనే ఉంటుంది. చేతికి గ్లవుజులు వద్దు, మెడలో తువ్వాలు వద్దు, వేలాడే చేతుల చొక్కా వద్దు. పన్ను దారం కొసను పట్టుకుందంటే మిగతా చేతినీ లాక్కుపోతుంది. కళ్లద్దాలు మాత్రం కావాలి.

కరెంటు సంగతి మన ప్రాంతంలో ప్రత్యేకంగా చెప్పాలి. బోర్లకు ఆటో స్టార్టర్లు పెట్టుకున్న అలవాటు మనది. కరెంటు రాగానే మోటారు దానంతట అదే నడుస్తుంది. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చినప్పుడు వాటిని తీసేయమని ప్రభుత్వమే చెప్పింది. అలా తీసిన డబ్బా ఒకటి ఒక షెడ్డులో కోత మిషనుకు బిగించి ఉండగా మా కళ్లతో చూశాం. బ్లేడు మారుస్తుండగా కరెంటొస్తే ఏమవుతుందో ఆలోచించండి. మామూలు స్విచ్చు ఆపకుండా వదిలేసినా అంతే. పచ్చ, ఎర్ర బటన్లున్న స్టార్టరు పెట్టించండి. కరెంటు పోతే అది పడిపోతుంది, మళ్లీ పచ్చ బటను నొక్కితేగాని మిషను తిరగదు. బ్లేడు మార్చేటప్పుడు అదీ చాలదు, మెయిను తీయాల్సిందే.

ఇంకొకటి. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర మరమ్మతు జరిగిన తర్వాత ఫేజులు తారుమారై త్రీఫేజ్ మోటార్లు ఉల్టా తిరగడం రైతులందరికీ తెలుసు. బోరైతే నీళ్లు సరిగ్గా రావు, అంతే. రంపం ఉల్టా తిరిగితే కోత పడదు, చెక్క లేచి ఎగురుతుంది, బ్లేడు బిగించిన నట్టు వదులుకావచ్చు. లైను పని జరిగిన రోజు చెక్క పెట్టకుండా ఒకసారి తిప్పి చూడాలి. బల్ల మీద రంగుతో బాణం గుర్తు వేసుకుంటే సరి.

పెద్ద మిషను కొనలేనివాళ్లు చేసేది వేరు. నాలుగంగుళాల మార్బుల్ కట్టరును తలకిందులు చేసి ప్లైవుడ్ కింద బిగించి, మీట నొక్కినట్టే తాడుతో కట్టేస్తారు. అది నిమిషానికి 12,000, 13,000 చుట్లు తిరిగే పనిముట్టు. చేత్తో పట్టుకుని రాయి కోయడానికి చేసింది. దానికి వెనక రేకు ఉండదు, ఆపే బటను చేతికందదు. పేదరికాన్ని మేము తప్పుపట్టం. కాని ఆ బల్ల మీద ప్రార్థన చేయమని మాత్రం మమ్మల్ని అడగవద్దు.

"పాస్టరుకు మిషన్ల గొడవెందుకు, వాక్యం చెప్పుకోక" అన్నవాళ్లున్నారు. ఇంకెవరికి గొడవ, చెప్పండి? 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షను యంత్రాల ప్రమాదకర భాగాలకు కంచె ఉండాలన్నది. కాని ఆ చట్టం అమల్లో ఉన్నప్పుడు కరెంటుతో నడిచే చోట పది మంది పనివాళ్లుంటేనే అది ఫ్యాక్టరీ లెక్కలోకి వచ్చేది. మన షెడ్లలో పనిచేసేది ఇద్దరు, మహా అయితే ముగ్గురు. ఏ ఇన్‌స్పెక్టరూ రాడు. ఆ షెడ్డులోకి పిలవగానే వెళ్లి, అందరూ లేచి నిలబడి మాట వినే మనిషి పాస్టరొక్కడే.

వాక్యమే కావాలంటే ప్రసంగి 10వ అధ్యాయం ఉంది. చెట్లు నరికేవాడికి దానివల్లే అపాయం కలుగుతుందని 9వ వచనంలోనూ, ఇనుము మొద్దుబారితే ఎక్కువ బలం పెట్టాల్సి వస్తుందని 10వ వచనంలోనూ ఉంటుంది. రెండూ పక్కపక్కనే ఎందుకున్నాయో బ్లేడు మొద్దుబారిన మిషను మీద ఒక పలక తోసి చూసినవాడికి తెలుస్తుంది. ఎంత బలంగా తోస్తే, అది వదిలినప్పుడు చెయ్యి అంత ముందుకు పోతుంది. సాన పెట్టించడానికి వందలు ఖర్చవుతాయని వాయిదా వేసుకోకండి. ప్రభువును ఊరివాళ్లు వడ్లవాడని పిలిచారని మార్కు 6వ అధ్యాయంలో చదువుతూ, వడ్లవాళ్ల చేతుల గురించి మాట్లాడడం మా పని కాదని ఎలా అనగలం?

అమెరికాలో స్టీఫెన్ గాస్ అనే ఆయన 1999లో, మనిషి చర్మం తగలగానే కొన్ని మిల్లీసెకన్లలోనే బ్లేడును ఆపేసే ఏర్పాటు కనిపెట్టాడు. గీత పడుతుంది, వేలు పోదు. అలాంటి మిషను ధర మన షెడ్లకు అందదు. మనకు అందేది గోనెసంచిలో ఉన్న రేకే.

ఇంత చెప్పినా ఎక్కడో ఒకచోట జరుగుతుంది. జరిగితే గాయం మీద శుభ్రమైన బట్ట వేసి గట్టిగా అదిమి, చెయ్యి పైకెత్తి పట్టండి. పసుపు, కాఫీపొడి వేయకండి. తెగిన వేలిని తడి గుడ్డలో చుట్టి, కవరులో పెట్టి మూతి కట్టి, ఆ కవరును మంచునీళ్లలో పెట్టండి. వేలు నేరుగా ఐసుకు తగలకూడదు. 108కి ఫోను చేయండి. మన తమ్ముడి వేళ్లను ఎవరూ వెతకలేదు. పొట్టు కింద మరునాడు దొరికాయి. లింగంపేట మీదుగా కామారెడ్డికి, అక్కడినుంచి హైదరాబాదుకు పోయే దారి పొడుగునా వాళ్లమ్మ అడిగింది వాటినే.

అతను ఆరు నెలలకు మళ్లీ పనిలో కూర్చున్నాడు. మిగిలిన మూడు వేళ్లతో ఉలి పట్టడం నేర్చుకున్నాడు. గోనెసంచి విప్పి, రేకూ గార్డూ తనే బిగించాడు. బిగించాక మాకు కబురు పంపాడు. ఈసారి వెళ్లినప్పుడు ముందు మోకాళ్ల మీద కూర్చుని బల్ల కిందికి చూశాం. ప్లగ్గు పీకించి, చాక్‌పీసుతో పంటికి గుర్తు పెట్టి కొలిచాం. వెనక వైపు ఒక నూలు తక్కువుంది. సరిచేశాడు. తర్వాతే ప్రార్థన.

అప్పటినుంచి మా సంఘాల్లో ఇదే పద్ధతి పెట్టుకున్నాం. కోత మిషను ప్రార్థనకు పిలిచేవాళ్లు ఒకరోజు ముందు ఫోను చేయండి. బైబిలుతో పాటు మూలమట్టం, స్కేలు, చాక్‌పీసు తెచ్చుకుంటాం. గార్డు లేకపోతే చాయ్ తాగి వచ్చేస్తాం, ప్రార్థనకు ఇంకో రోజు వస్తాం. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక మందిరం వసారాలో ఆ తమ్ముడే తోపుడు కర్రలు కోసి ఇస్తానన్నాడు. ఇంట్లో మిగిలిన ప్లైవుడ్ ముక్కలుంటే వెంట తీసుకురండి.